గుండెకేమీ లేదన్నారు, మరి ఈ బుగులు ఎక్కడిది?

ఎరువుల_కొట్టు_పరకాల
నా వయసు 41. పరకాలలో విత్తనాలు, ఎరువుల కొట్టు. నాలుగు నెలల్లో మూడుసార్లు అర్ధరాత్రి హన్మకొండకు పరుగెత్తాం. మూడుసార్లూ ఒకటే తీరు. రెండున్నర, మూడు మధ్యలో ఉలిక్కిపడి లేస్తాను. గుండె గొంతులో కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. ఒళ్లంతా చెమట, ఊపిరి సగం వరకే అందుతుంది, వేళ్లు తిమ్మిరెక్కి కొంకర్లు పోతాయి. ఇక అయిపోయింది అనుకుని పిల్లలు పడుకున్న మంచం దగ్గరికి పోయి నిలబడతాను. నా భార్య అరికాళ్లు రుద్దుతూ ఉంటుంది, తమ్ముడు కారు తీస్తాడు. ఆసుపత్రి గేటు కనబడేసరికి సగం తగ్గిపోతుంది.

ఈసీజీ, ఎకో, రక్త పరీక్షలు, మూడోసారి ట్రెడ్‌మిల్ కూడా చేశారు. అన్నీ నార్మల్. మొదటిసారి ఒక డాక్టర్ పదిమంది ముందు "ఏం లేదయ్యా, ఊరికే భయపడుతున్నావ్" అని పంపించాడు. ఊరికే భయపడితే చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట పడుతుందా? మూడోసారి చూసినాయన మాత్రం కూర్చోబెట్టి మాట్లాడి, సైకియాట్రిస్ట్‌కు చూపించుకో అని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ పది రోజులుగా జేబులోనే ఉంది. ఇంట్లో చెబితే అమ్మ ఏడుపు అందుకుంది, "నా కొడుక్కు పిచ్చి పట్టిందా" అని. నాకు నిజంగా మెంటలేనా? ఎవరికైనా ఇట్లా అయిందా?

కాజీపేట_రాత్రిడ్యూటీ
అయింది. వేళ్లు కొంకర్లు పోవడం దాకా అచ్చం అంతే. చావలేదు, చూడు, రాస్తున్నాను.

ఓమపొడి
అన్నా, గ్యాస్ అయి ఉంటుంది. రాత్రి పెరుగు మానేయ్.

వడ్డేపల్లి_నడక
నేను రిటైర్డ్ టీచర్‌ని. కఠినంగా ఉన్నా చెప్తాను. ఇదంతా సెల్‌ఫోన్లు వచ్చాక వచ్చిన రోగం. మా రోజుల్లో ఈ డిప్రెషన్లు, ప్యానిక్‌లు ఎవరికున్నాయి? తెల్లవారుజామున లేచి వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఐదు కిలోమీటర్లు నడువు నాయనా. మనసు దానంతటదే కుదుటపడుతుంది.

ఎరువుల_కొట్టు_పరకాల
సార్, నేను పొద్దున ఆరుకు లారీ దగ్గర యూరియా బస్తాలు దింపించడం మొదలుపెడితే రాత్రి తొమ్మిదికి షట్టర్ వేస్తాను. నడక తక్కువై వచ్చింది కాదు ఇది.

వార్డు_సిస్టర్
పద్దెనిమిదేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. రాత్రి డ్యూటీలో ఇట్లా వచ్చేవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ముందు ఒక మాట. ఛాతీలో నొప్పి, ఆయాసం మొదటిసారి వచ్చినప్పుడు ఆసుపత్రికి పోవడమే సరైన పని. ఇది గ్యాసో, టెన్షనో ఇంట్లో కూర్చుని ఎవరూ తేల్చకూడదు. ఓమపొడి గారూ, ఓమ మంచిదే, కానీ ఈసీజీ అయ్యాక.

పరీక్షలన్నీ బాగుండి, మళ్లీ మళ్లీ వస్తుంటే, అన్నకు వచ్చింది ప్యానిక్ అటాక్ లాగా ఉంది. పాము కనబడితే ఒళ్లు ఏం చేస్తుంది? అడ్రినలిన్ వదులుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, పరుగెత్తడానికి కండరాలు బిగుసుకుంటాయి. ఇక్కడ పాము లేదు, కానీ ఒంట్లో గంట మోగింది. ఆ చెమట నిజం, ఆ దడ నిజం. "ఊరికే" అన్నది తప్పు మాట. వేగంగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, అందుకే వేళ్లకు తిమ్మిరి, కొంకర్లు. సాధారణంగా పది నిమిషాల్లోపు తారస్థాయికి పోయి తర్వాత దిగుతుంది. పరకాల నుంచి హన్మకొండకు వచ్చేసరికి సగం తగ్గింది అంటున్నారు కదా, అదే సంగతి.

వచ్చినప్పుడు గాలి ఎక్కువ పీల్చాలని చూడొద్దు. వదలడం మీద ధ్యాస పెట్టాలి. నాలుగు లెక్కపెట్టి పీల్చి, ఆరు లెక్కపెట్టి వదలాలి. పొయ్యిని ఊదుగొట్టంతో ఊదినట్టు, నిప్పు చెదరకుండా నెమ్మదిగా.

ఓమపొడి
మా మామ మూతికి కవర్ పెట్టుకుని పీల్చమంటాడు, అది కరెక్టేనా సిస్టర్?

వార్డు_సిస్టర్
వద్దు. పాత పద్ధతి అది. లోపల నిజంగా గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉంటే ప్రమాదం. కవర్ కూరగాయలకు ఉంచండి.

కాజీపేట_రాత్రిడ్యూటీ
నా సంగతి చెప్తాను. రైలు ఇంజన్ మీద పని. కొన్నేళ్ల కింద ఒక రాత్రి బండికి అడ్డంగా మనిషి వచ్చాడు. బ్రేకు వేస్తే బండి అక్కడే ఆగదు, అది అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ హారన్ నేను ఎంతసేపు కొట్టానో ఇప్పటికీ చేతికి గుర్తుంది. తర్వాత ఇంట్లో కుక్కర్ విజిల్ వచ్చినా గుండె ఆగినంత పనయ్యేది. నిద్రలో చెయ్యి గోడ మీద ఏదో వెతికేదట, నా భార్య చెప్పింది. ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. మందు ఎక్కువైంది, అది కూడా చెప్పాలి. తాగితే నిద్ర పడుతుంది అనుకున్నాను, మూడింటికి మళ్లీ మెలకువే.

చివరికి నా భార్యే సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకుపోయింది. గోలీలతో పాటు కౌన్సెలర్ దగ్గర పద్నాలుగుసార్లు కూర్చున్నాను. మొదటి మూడుసార్లు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు కుక్కర్ విజిల్ కుక్కర్ విజిలే.

తంగేడుపూలు
కాజీపేట అన్నా, మీ భార్య చేతులకు దండం.

నాది వేరే. తొలి కాన్పు, తల్లిగారింట్లో ఉన్నాను. అందరూ పాపను చూసి మురిసిపోతుంటే నాకు ఏమీ అనిపించలేదు. ఏమీ. పాలిస్తూ గోడ మీద బల్లిని చూస్తూ ఏడ్చేదాన్ని. మొదటి పది రోజులు చాలామందికి అట్లా ఉండి పోతుందట, రెండు వారాల్లో సర్దుకుంటుందట. నాకు రెండు నెలలైనా పోలేదు. పాప ఏడిస్తే కోపం వచ్చేది, తర్వాత ఆ కోపానికి భయం వేసేది. మా వదిన ఆశా కార్యకర్త, ఆమెకు అనుమానం వచ్చి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అన్నారు. పాలిచ్చే తల్లి వాడదగ్గ మందులు ఉన్నాయని కూడా అప్పుడే తెలిసింది. పాపకు ఇప్పుడు నాలుగేళ్లు. నేను చెడ్డ తల్లిని కాదు అని నమ్మడానికే ఏడాది పట్టింది.

మేడారం_తొవ్వ
ఎరువుల అన్న తల్లి బాధ నాకు అర్థమవుతోంది. మా నాన్నకు ఇట్లాంటిదే వస్తే గాలి సోకింది అన్నారు. ఒకాయన నిమ్మకాయలు, తాయత్తు అని విడతలవారీగా 8,000 తీసుకున్నాడు. తగ్గలేదు. అమ్మ మాత్రం కాజీపేట దర్గాకు పోయి వస్తే నిమ్మళంగా ఉంది అంటుంది. నేను వద్దనను. మొక్కుకోనివ్వండి, దర్గాకు పోనివ్వండి, సమ్మక్కకు బంగారం ఎత్తనివ్వండి. గోలీ మానేయమన్నవాడి మాట మాత్రం వినకండి.

కాజీపేట_రాత్రిడ్యూటీ
మీ బంగారం అంటే బెల్లమని హైదరాబాద్ వాళ్లకు చెప్పు తమ్మీ, లేకపోతే లాకర్లు వెతుకుతారు.

జగిత్యాల_ఎడారి
నేను తొమ్మిదేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చాను. అక్కడున్నప్పుడు ఒక రూములో ఎనిమిది మందిమి. ఇంటి రంది, అప్పు రంది. నిద్ర పట్టదు. ఇక్కడికి వచ్చాక ఒక దోస్తు చెప్తే మెడికల్ షాపులో అల్ప్రాజోలం అరగోలీ కొనుక్కుని వేసుకున్నాను. మొదటి రాత్రి స్వర్గం. తర్వాత ఒకటి. తర్వాత రెండు. మూడేళ్లు. షాపు అతను చీటీ అడగలేదు, నేను చూపించలేదు. ఒకసారి పెళ్లికి పోయి గోలీలు మరిచిపోతే రెండో రోజుకు చేతులు వణికి చాయ్ కప్పు పట్టుకోలేకపోయాను. ఎరువుల అన్నా, డాక్టర్ దగ్గరికే పో, మెడికల్ షాపుకు పోకు.

ఎరువుల_కొట్టు_పరకాల
తమ్మీ, నువ్వు చెప్పిందే నా భయం. సైకియాట్రిస్ట్ ఇచ్చేవన్నీ మత్తు గోలీలే కదా, జీవితాంతం అలవాటు పడిపోతాం అంటారు.

వార్డు_సిస్టర్
రెండు రకాలను ఒకే గంపలో వేస్తున్నారు అందరూ. జగిత్యాల తమ్ముడు వాడినది వెంటనే శాంతపరిచే రకం. డాక్టర్లు కొద్ది రోజులకే రాస్తారు, ఎందుకంటే అలవాటు అవుతుంది. తమ్ముడూ, ఇప్పటికీ వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరే మెల్లమెల్లగా తగ్గిస్తారు.

రెండో రకం ఎస్సిటాలోప్రామ్ లాంటివి. ఇవి మత్తు కావు. వీటికి ఆ వ్యసనం ఉండదు. కానీ ఇవాళ వేసుకుంటే రేపు పనిచేయవు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం కాస్త వికారం, తలనొప్పి ఉండొచ్చు. మనవాళ్లు ఎక్కువమంది సరిగ్గా ఆ వారంలోనే మానేస్తారు. తగ్గాక కూడా ఆర్నెల్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, వాడమంటారు. ఇవి కూడా చెప్పకుండా టక్కున ఆపితే తల తిరగడం, చిరాకు వస్తాయి.

ఇంకోటి, థైరాయిడ్ పరీక్ష చేయించారా? అది ఎక్కువైనా గుండె దడ, చెమట వస్తాయి. చాయ్ ఎన్ని తాగుతారు?

ఎరువుల_కొట్టు_పరకాల
థైరాయిడ్ చేయలేదు. చాయ్ ఎవరు వచ్చినా చెప్పాలి కదా సిస్టర్, సీజన్‌లో పది, పన్నెండు అవుతాయి.

వార్డు_సిస్టర్
పన్నెండు! వచ్చినవాళ్లకు చెప్పండి, మీరు తాగకండి.

వడ్డేపల్లి_నడక
నేను ఇప్పటికీ నా మాట మీదే ఉన్నాను. మందులు కాదు, మనోధైర్యం కావాలి. మా తరం ఎన్ని కరువులు చూసింది?

ఓరుగల్లు_పలక
కాలేజీలో తెలుగు చెబుతాను, అందుకని ఒక్క సంగతి అడుగుతాను సార్. మీ తరంలో ఈ జబ్బులు లేవు అంటున్నారు. మరి మన ఊళ్లలో ఈ మాటలు ఎట్లా పుట్టాయి? రంది. బుగులు. మనాది. మూడూ ఒకటి కావు. అప్పు, బిడ్డ పెళ్లి, వాన పడకపోవడం, ఇట్లా ఫలానా దాని గురించి తొలిచేది రంది. ఏదో కాబోతోంది అని కడుపులో దేవినట్టు ఉండేది బుగులు. మనిషి పోయాకో, మనసు విరిగాకో, లోపల ఉండిపోయి తిండి మాన్పించి, మాట మాన్పించి మనిషిని కొంచెం కొంచెంగా తినేసేది మనాది. "మనాదితోని మంచం పట్టింది" అని మా నాయనమ్మ అనేది. మంచం పట్టింది అన్నదంటే దాన్ని రోగమనే అనుకుంది కదా సార్. డాక్టర్లు ఇంగ్లిష్‌లో యాంగ్జయిటీ, ప్యానిక్, డిప్రెషన్ అంటున్నారు. అవీ ఇవీ అచ్చంగా ఒకటే అని నేను అనను. కానీ సెల్‌ఫోన్ రాకముందే మనకు ఈ బాధకు మూడు పేర్లున్నాయి. లేని బాధకు ఎవరూ పేరు పెట్టరు.

తంగేడుపూలు
నాకు అప్పుడు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. డిప్రెషన్ అంటే మా అత్తమ్మకు అర్థం కాలేదు, నేను బద్ధకంగా ఉన్నాను అనుకుంది.

బ్యాక్‌లాగ్_బాబు
మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. హన్మకొండలో హాస్టల్‌లో ఉంటాను, బీటెక్ మూడో ఏడాది. ఐదు సబ్జెక్టులు మిగిలాయి. నెల రోజుల నుంచి క్లాసుకు పోవట్లేదు. పొద్దంతా పడుకుంటాను, రాత్రంతా మెలకువ. మెస్‌కు పోవాలంటే కూడా షర్టు వేసుకునే ఓపిక ఉండదు. నాన్న ఫోన్ చేస్తే బాగున్నా అంటాను. నేను లేకపోతే వాళ్లకు ఫీజు ఖర్చైనా తప్పుతుంది అనిపిస్తుంది. ఇది రందా, మనాదా తెలియదు.

వార్డు_సిస్టర్
తమ్ముడూ, మంచిపని చేశావు, రాశావు. సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?

ఓమపొడి
సిస్టర్, అట్లా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టు కాదా?

వార్డు_సిస్టర్
కాదు. అడగడం వల్ల ఆలోచన పుట్టదు. ఉన్నవాళ్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది. తమ్ముడూ?

బ్యాక్‌లాగ్_బాబు
వస్తుంది అక్కా. ఈ వారం ఎక్కువగా.

కాజీపేట_రాత్రిడ్యూటీ
తమ్మీ, నేను మేల్కొనే ఉన్నాను. రూములో నీతో ఎవరున్నారు?

వార్డు_సిస్టర్
ఇప్పుడే 14416కు ఫోన్ చెయ్. టెలీ మానస్. ప్రభుత్వానిదే, డబ్బులు లేవు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబర్ 10న, మానసిక ఆరోగ్య దినం నాడు మొదలుపెట్టారు. ఇంట్లో ఒక్కరికి, ఎవరికి చెప్పడం సులువో వాళ్లకు, ఈ రాత్రే చెప్పు. ఒక్కడివే ఉండకు. పొద్దున ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక విభాగం ఓపీకి పో. ఐదు సబ్జెక్టుల సంగతి తర్వాత. ఆలోచన ఆగకపోతే పొద్దుటి దాకా చూడకు, వెంటనే క్యాజువాలిటీకి రా.

బ్యాక్‌లాగ్_బాబు
పక్క రూమువాణ్ణి లేపాను. ఏం మాట్లాడాలో తెలియక వాడు బిస్కెట్ ప్యాకెట్ తెచ్చి నా మంచం మీద కూర్చున్నాడు.

బ్యాక్‌లాగ్_బాబు
ఫోన్ ఎత్తారు. నలభై నిమిషాలు మాట్లాడాను. ఎక్కువసేపు ఏడ్చాను, ఆవిడ పెట్టేయలేదు. అక్కకు చెప్పాను. హుజూరాబాద్ నుంచి మొదటి బస్సుకు వస్తోంది.

తంగేడుపూలు
తినురా తమ్ముడూ ఆ బిస్కెట్లు.

జగిత్యాల_ఎడారి
రాత్రంతా ఈ పేజీ తెరిచే ఉంచాను. పొద్దున అక్క వచ్చిందా?

బ్యాక్‌లాగ్_బాబు
వచ్చింది. ఓపీ లైన్‌లో ఉన్నాం. మా ముందు ముప్పై మంది ఉన్నారు. అందరూ మామూలు మనుషులే. ఒకామె టిఫిన్ డబ్బా తెచ్చుకుంది.

వార్డు_సిస్టర్
దీని మీద ఒక మాట అందరికీ. వ్యవసాయం చేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు మంచం కింద, వంటింట్లో పెడతారు. మనసు బాగాలేని మనిషి ఇంట్లో ఉన్నప్పుడు వాటిని ఇంటి నుంచి తీసేయండి, దూరంగా తాళం వేసిన చోట పెట్టండి. ఆ గడియ దాటితే మనిషి దక్కుతాడు. ఎవరైనా ప్రయత్నం చేసి ఉంటే పోలీసు కేసు అని భయపడి ఆసుపత్రికి తీసుకురావడం ఆలస్యం చేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని చెబుతుంది.

మేడారం_తొవ్వ
అదే చట్టంలో ఇన్సూరెన్స్ సంగతి కూడా ఉంది. శరీరానికి వచ్చే జబ్బులకు ఎట్లా ఇస్తారో మానసిక జబ్బులకూ అట్లాగే కవర్ ఇవ్వాలని. మీ పాలసీ కాగితం తీసి చదువుకోండి.

వడ్డేపల్లి_నడక
మూడు రోజులుగా ఏమీ రాయలేదు. పలక గారు రాసిన మనాది అన్న మాట నన్ను పడుకోనివ్వలేదు.

మా పెద్దక్క. నాకంటే పదకొండేళ్లు పెద్ద. ఐదేళ్ల కొడుకు జ్వరంతో పోయాడు. ఆ తర్వాత అక్క అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరేది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరేది. పొద్దుగూకే దాకా. రాయి దొరికితే కుడిచేతి పక్కన వరసగా పేర్చేది, దొరకకపోతే మంచి గింజలనే తీసి పేర్చేది. పిలిస్తే పలికేది కాదు. మా అమ్మ "దానికి మనాది పట్టింది" అనేది. అందరం అదే అనేవాళ్లం. పేరు తెలిసి కూడా ఒక్కరం డాక్టర్‌కు చూపించలేదు. ధైర్యం తెచ్చుకో అని నేనే చెప్పాను, బడి నుంచి వచ్చి, సైకిల్ స్టాండ్ వేస్తూ. నాలుగేళ్లలో పోయింది.

మా రోజుల్లో లేవు అని రాశాను. ఉన్నాయి. నా ఇంట్లోనే ఉంది. పరకాల తమ్ముడూ, ఆ చీటీ తీసుకుని పో. నీకు తోడు కావాలంటే నేను వస్తాను, ఆసుపత్రి దగ్గర కలుస్తాను.

ఎరువుల_కొట్టు_పరకాల
సార్, మీరు రాసింది చదివి ఏం అనాలో తెలియలేదు. నా భార్యకు చదివి వినిపించాను.

ఓరుగల్లు_పలక
సార్, నేను వాదించడానికి రాశాను. ఇది తెలియదు. క్షమించండి.

ఎరువుల_కొట్టు_పరకాల
నెల దాటింది, చెప్పాల్సినవి ఉన్నాయి.

పోయే ముందు రాత్రి అమ్మ పక్కన కూర్చున్నాను. మెంటల్ అనలేదు, ప్యానిక్ అనలేదు. "అమ్మా, నాకు బుగులు రోగం వచ్చింది. రాత్రిపూట బుగులు పుట్టి గుండె కొట్టుకుంటోంది. దానికి డాక్టర్ ఉన్నాడట" అన్నాను. అమ్మ కాసేపు నా చెయ్యి పట్టుకుని, "మీ నాయనకు కూడా ఉండేది బిడ్డా, వాన మబ్బు పట్టి పోతే చాలు, రాత్రంతా వాకిట్లో తిరిగేటోడు" అంది. ఇన్నేళ్లలో ఈ ముచ్చట నాకు చెప్పనే లేదు. పొద్దున నాకంటే ముందే చీర మార్చుకుని కూర్చుంది, నేను కూడా వస్తాను అని.

డాక్టర్ ముప్పై ఐదు నిమిషాలు అడిగాడు. నిద్ర, తాగుడు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, చచ్చిపోవాలనిపించిందా, అప్పులు. అప్పుల దగ్గర నేను ఆగిపోయాను. మిర్చికి తామర పురుగు తగిలిన ఏడాది నుంచి ఇచ్చిన ఉద్దెర పదకొండు లక్షలు బయట ఉంది. డీలర్లకు నేను కట్టాలి. అడుగుదామంటే ఆ రైతులు నా చిన్నప్పటి నుంచి తెలిసినవాళ్లు. నా భార్యకే మొత్తం లెక్క తెలియదు, అక్కడ మొదటిసారి విన్నది. థైరాయిడ్ నార్మల్. ప్యానిక్ డిజార్డర్ అన్నాడు. ఒక గోలీ రోజూ, ఇంకోటి పది రోజులకే. వారానికోసారి కౌన్సెలర్.

మొదటి వారం కడుపులో తిప్పింది. సిస్టర్ ముందే చెప్పకపోతే మానేసేవాణ్ణి.

జగిత్యాల_ఎడారి
గోలీతో ఉద్దెర తిరిగి రాదు కదా అన్నా, దానికేం చేస్తున్నావ్?

ఎరువుల_కొట్టు_పరకాల
రాదు తమ్మీ. కానీ ఏడాదిన్నరగా ఖాతా పుస్తకం గల్లా కింద పెట్టి ముట్టుకోలేదు నేను. చూస్తేనే చెయ్యి చల్లబడేది. నాలుగో వారం నిద్ర సరిగ్గా పట్టాక ఒక ఆదివారం నేను, నా భార్య కూర్చుని పేరు పేరునా రాశాం. ఎనిమిది మంది ఇవ్వగలిగినవాళ్లు. వాళ్ల ఇళ్లకు పోతున్నాను. ఇద్దరు పత్తి ఏరాక సగం ఇస్తామన్నారు. ఇద్దరు ముఖం చాటేశారు. డీలర్‌తో వాయిదాలు మాట్లాడాను. పోయిన వారం ఒక రాత్రి మళ్లీ వచ్చింది. లేచి కూర్చుని ఊదుగొట్టం ఊదినట్టు ఊదాను. కారు తీయలేదు.

వార్డు_సిస్టర్
చాయ్?

ఎరువుల_కొట్టు_పరకాల
మూడు.

కాజీపేట_రాత్రిడ్యూటీ
బ్యాక్‌లాగ్ బాబు ఎక్కడ?

బ్యాక్‌లాగ్_బాబు
ఉన్నాను అన్నా. అక్క వాళ్లింట్లో ఉండి బస్సులో కాలేజీకి పోతున్నాను, వారానికి మూడు రోజులే. మందులు వాడుతున్నాను. ఈసారి రెండు సబ్జెక్టులే రాస్తాను అని నాన్నకు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. శనివారం వచ్చి, మాట్లాడకుండా బావ సైకిల్‌కు గాలి కొట్టి పోయాడు.

వడ్డేపల్లి_నడక
ఎల్లుండి పరకాల తమ్ముడికి రెండో చూపింపు. వాళ్ల అమ్మగారు ఓపీలో నా పక్కనే కూర్చుంటానన్నారు. ఆవిడకు మా అక్క ఊరు తెలుసట.